సెంటీమీటరుకి తొమ్మిది మాటలు

మా జిల్లాలో పిల్లల చదువుకీ వాళ్ళ పాదాలకీ సంబంధం ఉందని మొదట కనిపెట్టింది ఎవరని అడిగితే, నిజం చెప్పాలంటే, కాగితాల కొరత.

ఆ ఏడు జూలైలో బూట్ల పంపిణీ కోసం పిల్లల పాదాల కొలతలు పంపమన్నారు. అదే వారం, ప్రతి విద్యార్థీ నిమిషానికి ఎన్ని మాటలు చదవగలడో పరీక్ష పెట్టి పంపమన్నారు. జిల్లా పఠన ప్రగతి విభాగంలో సూపరింటెండెంటు భానోజీరావు గారు పొదుపరి. రెండు పట్టికలకి రెండు కాగితాలు దేనికని, పేరు పక్క గడిలో పాదం పొడవు, దాని పక్క గడిలో మాటల లెక్క వేయించి, అంతా ఒకే కాగితం మీద ప్రత్యేకాధికారి త్రిలోచన్ గారి బల్ల మీద పెట్టారు.

త్రిలోచన్ గారు ఆ ఉదయమే రాజధానిలో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. శిక్షణలో ఆయనకి బాగా పట్టుబడిన సంగతి ఒక్కటే. రెండు వరసల అంకెలు కంప్యూటరుకి ఇస్తే అది వాటి మధ్యనుంచి ఒక గీత గీస్తుంది. ఆయన ఇచ్చారు. అది గీసింది.

నా పేరు మజ్జి నీలాచలం. గెడ్డవలస బడిలో లెక్కల మాస్టారుని. ఒకటి నుంచి పది దాకా తరగతులు, రెండువందల పన్నెండుమంది పిల్లలు. టీచర్లు చాలక రెండో తరగతికి తెలుగు కూడా నేనే చెప్పేవాణ్ణి. మా బడి మెయిన్ రోడ్డు పక్కనే ఉంటుంది. కార్లు గుమ్మందాకా వస్తాయి. ఈ ఒక్క అర్హత మీద మమ్మల్ని ప్రయోగ పాఠశాలగా ఎంపిక చేసి, నన్ను మీటింగుకి పిలిచారు.

త్రిలోచన్ గారు తెర మీద బొమ్మ వేయించారు. చల్లిన నువ్వుల్లా వేల చుక్కలు. వాటి మధ్యనుంచి ఎర్రటి గీత ఒకటి, ఎడమవైపు కిందనుంచి కుడివైపు పైకి ఎక్కుతోంది.

"దీనిని సరళ ప్రతిగమన రేఖ అంటారు," అన్నారాయన. "పాదం పొడవును సెంటీమీటర్లలో తీసుకొని, తొమ్మిదితో గుణించి, నూట ఇరవై తీసివేయవలెను. వచ్చినది సదరు విద్యార్థి నిమిషానికి చదవవలసిన మాటల సంఖ్య. అనగా పాదం ఒక సెంటీమీటరు పెరిగిన యెడల చదువు తొమ్మిది మాటలు పెరుగును. ఇన్నేళ్ళుగా మనం పిల్లల తలలతో కుస్తీ పడుతున్నాం. సమస్య కాళ్ళ దగ్గర ఉన్నది."

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఒకటో తరగతి పిల్లలకి కాళ్ళు చిన్నవి, చదువూ తక్కువే. పదో తరగతి వాళ్ళకి రెండూ పెద్దవి. బహుశా వయసు వల్ల..."

"వయసు మన పట్టికలో ఉన్నదా?"

"లేదు సార్."

"లేనిదాని గురించి మాట్లాడటాన్ని ఊహాగానం అంటారు మాస్టారూ. మనది డేటా ఆధారిత పాలన."

కూర్చున్నాను. భానోజీరావు గారికి వేరే అనుమానం వచ్చింది. "పాదమే లేకపోతే అప్పుడు మైనస్ నూట ఇరవై వస్తోందండి. మైనస్ మాటలు చదవడం అంటే ఎలాగండి?"

"నిమిషానికి నూట ఇరవై మాటలు మరిచిపోతాడని అర్థం."

"పాముకి పాదం ఉండదు గదండీ."

"అందుకే అది చదువుకోలేదు," అన్నారు త్రిలోచన్ గారు. మీటింగులో అందరూ రాసుకున్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పాదాలను తక్షణం పెంచుట సాంకేతికంగా సాధ్యం కానందున, 'పాదం' అనగా పాదరక్షతో కూడిన పాదం అని అర్థం చేసుకొనవలెను. విద్యార్థులందరికీ, వయసుతో నిమిత్తం లేకుండా, ముప్ఫై సెంటీమీటర్ల బూట్లు ఇవ్వవలెను. తద్వారా ప్రతి విద్యార్థీ నిమిషానికి నూట యాభై మాటలు చదువును.

బూట్లు లారీలో వచ్చాయి. ఆ వారం మా బడిలో ఉన్నంత నవ్వు నా పాతికేళ్ళ ఉద్యోగంలో వినలేదు. ఒకటో తరగతి వాళ్ళు అడుగు వేస్తే కాలు ముందుకి వచ్చేది, బూటు వెనక ఉండిపోయేది. ప్రార్థనకి వరసలు కట్టడానికి అరగంట పట్టేది, ముందువాడి బూటు మీద వెనకవాడి బూటు ఎక్కి ఎనిమిదిమంది ఒకేసారి పడేవాళ్ళు. ఐదో తరగతి వాళ్ళు గెడ్డ నీళ్ళలో బూట్లతో పడవ పందేలు పెట్టారు. వంటమనిషి ఎర్రయ్యమ్మ కోడి ఒక బూటులో పొదిగింది. హాజరు నూటికి నూరు.

రెండో తరగతిలో మొయిద దమయంతి అని ఒక పిల్ల ఉండేది. ఏడేళ్ళు. తల్లీ తండ్రీ చెన్నైలో భవనాల పనికి పోతే నాయనమ్మ పోలమ్మ దగ్గర ఉంటోంది. పోలమ్మ బస్సులు ఆగే చోట ఉడకబెట్టిన పల్లీలు అమ్ముతుంది. పొట్లాలు కట్టడానికి పాత పేపర్లు కొంటుంది. దమయంతి పక్కన కూర్చుని ఆ ముక్కలు చదివేది. వార్త సగంలో ఉండగానే పోలమ్మ అందులో పల్లీలు పోసి ఎవరి చేతిలోనో పెట్టేసేది. పొట్లం వెళ్ళిపోయేలోపల చదివెయ్యాలి గనక ఆ పిల్లకి వేగం పట్టుబడింది. బూట్లు ఇచ్చిన రోజున దమయంతి రెండు కాళ్ళూ ఒకే బూటులో పెట్టి, రెండో దాన్ని తలకింద దిండు చేసుకుని, మూడో తరగతి వాచకం చదువుతూ పడుకుంది.

పది రోజులకి మళ్ళీ పరీక్ష పెట్టారు. చదువు ఎక్కడిదక్కడే ఉంది. ఈసారి అంకెలు ఇస్తే కంప్యూటరు గీత గియ్యనంది. అందరి పాదాలూ ముప్ఫై సెంటీమీటర్లే అయ్యాక, చుక్కలన్నీ ఒకదాని నెత్తిన ఒకటి నిలబడ్డాయి. సున్నాతో భాగించడం తనకి చేతకాదని అది తెర మీద రాసింది. భానోజీరావు గారు ఎర్ర పెన్సిలుతో చేతిగీత గీశారు. అది నిట్టనిలువుగా వచ్చింది.

త్రిలోచన్ గారు దాన్ని చాలాసేపు చూశారు. "జూలైలో గీత వాలిపోయి ఉండేది. మన కృషితో లేచి నిలబడింది," అన్నారు. ఆ మాటే రాసి పైకి పంపారు.

పైనుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది. 'పొందిక సూచిక ఎంత?'

చుక్కలు గీతకి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకెని పొందిక సూచిక అంటారు. అన్నీ గీత మీదే ఉంటే ఒకటి, లేకపోతే అంతకు తక్కువ. జూలైలో అది సున్నా దశాంశం ఎనిమిది ఒకటి. నవంబరు నెలాఖరుకి సమీక్షాధికారులు వస్తున్నారనీ, ప్రయోగ పాఠశాలలో సూచిక ఒకటి ఉండాలనీ రెండో ఉత్తరం వచ్చింది. త్రిలోచన్ గారు బూట్లు వెనక్కి తీసుకున్నారు. 'పాదం' అనగా పాదమే అని సవరణ జారీ చేశారు. పిల్లలు ఏడ్చారు. ఎర్రయ్యమ్మ కోడి ఉన్న బూటు ఇవ్వనంది.

ఆ మర్నాడు నాకు మెమో అందింది.

'విషయము: విచలనము. రెండవ తరగతి విద్యార్థిని కుమారి మొయిద దమయంతి, పాదం 16 సెం.మీ. రేఖ ప్రకారం చదవవలసినది 24 మాటలు. చదివినది 131 మాటలు. సదరు విద్యార్థిని అనుమతి లేకుండా 107 మాటలు అధికంగా చదువుటకు గల కారణములు మూడు దినములలో తెలుపవలెను. లేని యెడల మీపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును.'

నేను ఒక్క ముక్క రాశాను. 'పిల్లకి చదువు వచ్చింది.' నా జవాబు విషయానికి దూరంగా ఉన్నదని తిప్పి పంపి, త్రిలోచన్ గారే స్వయంగా వచ్చారు. దమయంతిని కుర్చీ పక్కన నిలబెట్టి, చేతికి వాచకం ఇచ్చి, గడియారం పట్టుకున్నారు.

"అమ్మా, ఒక నిమిషంలో ఇరవై నాలుగు మాటలే చదవాలి. ఎక్కువ కాదు. సరేనా?"

"సరేనండి," అంది దమయంతి. పదకొండు సెకన్లలో ఇరవై నాలుగు మాటలు చదివి, వేలు అక్కడే పెట్టి, మిగతా నలభై తొమ్మిది సెకన్లూ నోరు మూసుకుని నిలబడింది.

త్రిలోచన్ గారి మొహం వికసించింది. "చూశారా మాస్టారూ, శిక్షణ ఇస్తే సాధ్యమే."

"మిగిల్న పేజీ మనసులో చదివేసినానండి," అంది దమయంతి.

ఆయన భానోజీరావు గారి వైపు తిరిగారు. "మనసులో చదివినది లెక్కలోకి వస్తుందా?"

"దానికి గడి లేదండి."

"అయినా అనుమానం ఉండిపోతుంది."  ఆయన శాంతంగా అన్నారు, "శిక్షణలో ఒక మార్గం చెప్పారు. గీతకి మరీ దూరంగా ఉన్న బిందువును తొలగించవచ్చు. దానివల్ల మిగతా డేటాకి మేలు జరుగుతుంది."

బిందువును తొలగించడమంటే రిజిస్టర్లో పేరు కొట్టెయ్యడం. కొట్టవలసింది తరగతి ఉపాధ్యాయుడు. అంటే నేను. కారణం రాసే చోట భానోజీరావు గారు చెప్పినట్టే 'చదువు అధికమైనందున' అని రాశాను. నా చేత్తోనే రాశాను. మెమో జేబులో ఉంది, కూతురు కాలేజీ రెండో ఏడు చదువుతోంది, ఇవన్నీ నిజమే. కానీ పెన్ను పట్టుకున్న చెయ్యి నాదే.

మధ్యాహ్నం భోజనాల వేళ దమయంతి కంచం పట్టుకుని వరసలో నిలబడింది. రిజిస్టర్లో లేని పిల్లకి గుడ్డు లేదని ఎర్రయ్యమ్మ చెప్పలేక నా వైపు చూసింది. నేను నా టిఫిను డబ్బా ఇచ్చాను. సాయంత్రం పోలమ్మ వచ్చింది.

"ఏటి మాస్టారూ, మా గుంట దమయంతి ఏటి సేసినాది?"

"ఏమీ చెయ్యలేదు పోలమ్మా."

"సదవట్లేదని పేరు కొట్టేస్తే నానూ నాలుగు తగిలిద్దును. సదివేస్తందని కొట్టేసినారంట. ఇంటికాడ దీన్ని ఏటని తిట్టాల నాను?"

పోలమ్మ నా బల్ల మీద ఒక పల్లీల పొట్లం పెట్టి వెళ్ళిపోయింది. అది తినడానికి నాకు రెండు రోజులు పట్టింది.

దమయంతిని తీసేశాక గీత కాస్త జరిగింది. గీత జరిగేసరికి అంతవరకూ దగ్గరగా ఉన్న తొమ్మిదో తరగతి పిల్లాడు దూరం అయిపోయాడు. వాణ్ణి తీసేశారు. గీత మళ్ళీ జరిగింది. అప్పట్నుంచి రోజూ పదిన్నరకి భానోజీరావు గారు ఫోను చేసి, ఆ రోజు దూరమైనవాళ్ళ పేర్లు చదివేవారు. మొదటి వారం ముప్ఫైమంది పోయారు. సూచిక సున్నా దశాంశం తొమ్మిది అయింది. త్రిలోచన్ గారు అభినందన సందేశం పంపారు. రెండో వారం పోయినవాళ్ళు ఎనభైమంది. మూడో వారానికి ఆరో తరగతి, ఎనిమిదో తరగతి పూర్తిగా ఖాళీ.

పేరు పోయిన పిల్లలు ఇంటికి వెళ్ళలేదు. రోడ్డుకి అవతల తుఫాను షెల్టర్ ఉంది. తుఫాను వస్తే తప్ప తాళం తియ్యరు, కానీ తలుపు ఎప్పుడో ఊడిపోయింది. మొదట దమయంతి అక్కడ చేరి చదువుకునేది. తర్వాత ఒక్కొక్కరే చేరారు. బడిలో పిల్లలు తగ్గేకొద్దీ మా టీచర్లకి తీరిక పెరిగింది. తీరిక దొరికినవాళ్ళం రోడ్డు దాటి అక్కడ పాఠం చెప్పడం మొదలుపెట్టాం. రిజిస్టర్లో లేని పిల్లలకి ఏ సర్క్యులరూ వర్తించదు. కొలతలు లేవు, పట్టికలు లేవు, ఫొటోలు లేవు. చాలా ఏళ్ళ తర్వాత నేను పూర్తిగా ఒక గంట, నలభై అయిదు నిమిషాలు కాదు, ఒక గంట లెక్కలు చెప్పాను. ఊళ్ళో ఆడవాళ్ళు వంతులు వేసుకుని అన్నం వండి తెచ్చారు. రోడ్డు ఇవతల ఎర్రయ్యమ్మ మటుకు రూలు ప్రకారం రోజుకి రెండు గుడ్లు ఉడకబెట్టేది.

ఎందుకంటే నవంబరు మూడో వారానికి మా బడిలో ఇద్దరే మిగిలారు. ఒకటో తరగతి తారకేశు, పాదం పదిహేడు సెంటీమీటర్లు, ముప్ఫై మూడు మాటలు. పదో తరగతి ఢిల్లేశ్వరరావు, పాదం ఇరవై అయిదు, నూట అయిదు మాటలు. ఇద్దరూ గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నారు. పొందిక సూచిక ఒకటి.

"సార్, రెండే చుక్కలుంటే ఏ రెంటి మీదుగానైనా గీత సరిగ్గానే పోతుందండి," అన్నాను ఫోనులో.

"అంటే ఇక పొరపాటుకి అవకాశమే లేదన్నమాట," అన్నారు త్రిలోచన్ గారు.

సమీక్ష రోజు రానే వచ్చింది. గేటుకి గుడ్డ బ్యానరు కట్టారు. రాష్ట్ర సమీక్షాధికారిణి హైమవతి గారు రెండు కార్లలో దిగారు. ఆవిడ ఒకదాన్లో, ఫైళ్ళు ఒకదాన్లో. బడి శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉందని మెచ్చుకున్నారు. ఢిల్లేశ్వరరావు నిమిషంలో సరిగ్గా నూట అయిదు మాటలు చదివి, నూట ఆరో మాట నోట్లోకి వచ్చినా మింగేశాడు. నెల రోజులుగా వాడికి అదే సాధన.

"రెండో విద్యార్థి?" అన్నారు హైమవతి గారు.

అప్పుడే తారకేశు తండ్రి గేటు దగ్గరకి వచ్చి, పిల్లాడికి ఆటలమ్మ పోసిందనీ, పదిరోజులు బడికి పంపననీ చెప్పి వెళ్ళిపోయాడు.

త్రిలోచన్ గారు నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. "మాస్టారూ, ఒక్క బిందువుతో గీత వస్తుందా?"

"ఒక్క చుక్క మీదుగా ఎన్ని గీతలైనా పోతాయి సార్."

"ఎన్నయినానా? ఏ దిక్కుకైనా?"

"ఏ దిక్కుకైనా."

ఆయన గోడకి ఆనుకున్నారు. ఆ సమయానికి షెల్టర్లో సుద్దముక్కలు అయిపోయాయి. అడగడానికి దమయంతి రోడ్డు దాటి వచ్చింది. వస్తూ వస్తూ గేటు మీది బ్యానరు, గోడ మీది నినాదాలు, కారు అద్దం మీది స్టిక్కరు అన్నీ పైకి చదువుకుంటూ, ఆగకుండా, నా దగ్గర దాకా వచ్చి "సుద్దముక్కలండి" అంది.

హైమవతి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఈ అమ్మాయి ఎవరు?"

"లెక్కలో లేదండి," అన్నారు త్రిలోచన్ గారు.

"ఎదురుగా నిలబడి ఉంది కదా. కొలవండి."

భానోజీరావు గారు స్కేలు పెట్టారు. పదహారు. చదివించారు. నూట ముప్ఫై ఒకటి. రెండు చుక్కలూ కంప్యూటరుకి ఇచ్చారు. అది మారుమాట లేకుండా గీసింది. ఎడమవైపు దమయంతి దగ్గర ఎత్తున మొదలై, కుడివైపు ఢిల్లేశ్వరరావు దాకా గీత కిందికి దిగింది.



"ఇది దిగుతోంది," అన్నారు హైమవతి గారు. "పాదం పెరిగితే చదువు తగ్గుతుందని అర్థమా? మీ నివేదికల్లో పెరుగుతుందని ఉంది." ఆవిడ తెర కింద ఉన్న అంకె వైపు వంగారు. "పొందిక సూచిక ఒకటి. పూర్తిగా ఒకటి. నేను ఏ జిల్లాలోనూ చూడలేదు."

త్రిలోచన్ గారి మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. చొక్కా కాలరు సరిచేసుకున్నారు. "మేడమ్, పాదం పెరుగుదల ప్రమాదకరమని నాకు మొదటినుంచీ అనుమానం. అందుకే బూట్లు వెనక్కి తీసుకున్నాను."

నాలుగో రోజుకి ఉత్తర్వు వచ్చింది. 'పాదం పెరుగుట వలన చదువు తగ్గునని రుజువైనందున, పొట్టి పాదముల విద్యార్థులను జాప్యం లేకుండా చేర్చుకొనవలెను. ముప్ఫై సెంటీమీటర్ల లోపు పాదములన్నియు పొట్టి పాదములుగా పరిగణింపబడును.' మా ఊళ్ళో ముప్ఫై దాటిన పాదం ఏ పిల్లాడికీ లేదు. ఇంకో కాగితం వచ్చేలోపల పని కానివ్వాలని, అన్నం కూడా తినకుండా కూర్చుని రెండువందల పదిమంది పేర్లూ రిజిస్టర్లోకి ఎక్కించాను. దమయంతి పేరు మొదట రాశాను. త్రిలోచన్ గారికి ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా జిల్లాల అధికారులకి శిక్షణ ఇవ్వడానికి పిలుపు కూడా వచ్చింది.

ఆ మర్నాడు బడి వదిలాక చూస్తే దమయంతి వరండా మెట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది. రెండు పాదాలకీ పాత చీర ముక్కలు గట్టిగా చుట్టుకుంది. వేళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏమైందమ్మా, దెబ్బ తగిలిందా?"

"లేదండి." ఉత్తర్వు అంటించిన నోటీసు బోర్డు వైపు చూసింది. "మాస్టారండీ, కాళ్ళు పెరిగిపోతే నాకు సదువు పోద్దాండి?"

"పోదు."

"కాగితంలో రాసినారు గదండీ."

అచ్చులో ఉన్నది నిజమని ఆ పిల్లకి నేర్పింది నేనే. పక్కన కూర్చున్నాను. కంప్యూటరు తప్పని, ఉత్తర్వు తప్పని ఏడేళ్ళ పిల్లకి ఎలా చెప్పాలో తెలియలేదు. తెలిసిన లెక్కే చెప్పాను.

"నీ కాలు ఒక సెంటీమీటరు పెరగాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆలోచించింది. "ఏడాదండి."

"మనకి కొత్త కాగితం రావాలంటే?"

ఈసారి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. జూలై, ఆగస్టు, మళ్ళీ సెప్టెంబరు, నవంబరులో రెండు. లెక్క అయ్యాక నా మొహంలోకి చూసి కొంచెం నవ్వింది.

"అయితే పెరుగుతానండి," అని గుడ్డముక్కలు విప్పడం మొదలుపెట్టింది.